మోకాలి కింద

బళ్ళారి చౌరస్తా దాటినాక ఎడమపక్క
పంక్చరు షాపుకీ పరోటా బండికీ నడుమ
నా సీటు కవర్ల కొట్టు.
మే నెల. పదకొండుకే తారు మెత్తబడింది.
రెండు బండ్లొచ్చి ఆగినాయి,
అలిగిన వియ్యంకుల మాదిరి
ఒకటి మొగం ఒకటి చూడకుండా.

ఒకటి సుంకిరెడ్డిది. బేతంచెర్లలో నాపరాళ్ళ మిల్లు ఆయనకు.
బానెట్టు మీద పసుపు కుంకుమ ఇంకా రాలలేదు.
రెండోది ఆయన బామ్మర్దిది, జర్మనీ సరుకు.
దాని ధర చెప్పేటప్పుడు గొంతు తగ్గిస్తాడా మనిషి,
అందరికీ వినబడాలని.

"నడిపి కాశీమూ, ముప్పై ఏండ్లుగా సీట్లు కుడుతుండావు.
చేత్తో తడిమి చెప్పప్పా,
ముప్పై లక్షల తేడా యాడుందో."

మొదట రెడ్డి బండి ఎక్కినాను.
ఆ కొస నుంచి ఈ కొస దాకా ఒకటే తెర,
మా ఇంటి కిటికీ కన్నా వెడల్పు.
అరవై నాలుగు రంగుల దీపాలంట,
రాత్రయితే పీర్ల చావిడేనంట.
సీటులోంచి చల్లగాలి వీపుకు తగిలింది.
అబద్ధమెందుకు, కాసేపు దిగబుద్ధి కాలే.
"అద్దం దించు తల్లీ" అన్నాను. ఉలకలే, పలకలే.
రెడ్డి కొడుకు ఇంగ్లీషులో అన్నాడు. దిగింది.
జర్మనీ దానికీ మన మాట రాదు.
ఆ కాడికి రెండూ సమానం.

జర్మనీ దాంట్లో తెర చిన్నది. రంగులు తక్కువ.
చల్లగాలి సీటు కావాలంటే ఇంకా రెండు లక్షలు కట్టాలంట,
బామ్మర్ది కట్టలేదు.
రెడ్డి మీసం కింద నవ్వు మొదలైంది.

అప్పుడు చెయ్యి పెట్టినాను.
పైన మెత్తన, రెండింట్లోనూ.
రెడ్డి బండి తలుపు మీద దారం కుట్టు చక్కంగా కనబడింది.
గోటితో గీకితే తెలిసింది,
అది అచ్చులో పోసిన కుట్టు,
ఏ రెండు ముక్కల్నీ కలపని దారం.
ఇంకా కిందికి పోతే మోకాలి దగ్గర ఒక గీత.
ఆ గీత దాటితే గట్టి ప్లాస్టిక్,
వేలు తగిలితే కొబ్బరిచిప్ప చప్పుడు.

ఆ గీత కోసం జర్మనీ దాంట్లో వెతికినాను.
మోకాలు దాటింది, మడమ దాటింది,
సీటు అడుగున, వక్కపలుకు జారిపడితే తప్ప
ఎవడూ వంగని చోట,
అక్కడా మెత్తటి బట్ట అంటించి ఉంది.
తలుపు వేస్తే బియ్యం మూటను మూట మీద దించినట్లుంది.
రెడ్డి తలుపు స్టీలు క్యారియరు మూత.

మా నాయన దూదేకేవాడు.
పరుపు నడిమధ్య ఏ దూది ఉందో ఎవరికి తెలుస్తుంది నాయనా అంటే
"నడుముకు తెలుస్తుంది" అనేవాడు.
ఒక్క కరువేడు మాత్రం పాత దూది కలిపినాడు.
ఆ పరుపు ఎవరింటికి పోయిందో
చచ్చేదాకా చెప్పలేదు.

"తేడా మోకాలి కింద ఉంది రెడ్డీ" అన్నాను.
"వంగి చూడు."
ఆయన వంగబోయి నడుము పట్టుకున్నాడు.
"హైదరాబాదులో చిప్పలు మార్పించినాను గదప్పా,
మోకాలి కింద ఏముంటే నాకేం" అని పగలబడి నవ్వినాడు.

బామ్మర్ది నవ్వలేదు.
రెడ్డి బండి సందు మలుపు తిరిగిందాకా చూసి
నా పక్కకొచ్చినాడు.
ఈసారి నిజంగానే గొంతు తగ్గింది.
"ఎండలో పెడితే ఆ తోలు తొడలు కాల్చేస్తాంది.
పైన టర్కీ టవలు గుడ్డతో కవరు కుట్టగలవా?"

కొలతలు తీసుకున్నాను.
జర్మనీ తోలు మీద
పాతబస్తీ టవలు గుడ్డ, లేత నీలం.
ఐదొందలు ఎక్కువ చెప్పినాను.
బేరమాడలేదు.
బేరమాడకపోవడం కూడా
ఆ బండితోపాటే వచ్చిందేమో.